మన శాఖ మనిషి – వెండితెర దొంగల నాయకుడు
శ్రీ రాజనాల కాళేశ్వరరావు గారి జీవిత విశేషాలు

 ఈ ప్రత్యేక సంచికకు మన జిల్లాకు చెందిన ఒక ప్రముఖుని జీవిత చరిత్ర రాయమని సంఘం వారు నన్ను కోరారు. దేశ నాయకుల గురించి, కవుల గురించి, దానకర్ణుల గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక దుర్మార్గుని గురించి రాయదలిచాను. నిజ జీవితంలో దుర్మార్గుడు కాదు, తెర మీద దుర్మార్గుడు. సుమారు పాతికేళ్ళపాటు తెలుగు ప్రేక్షకుల చేత తిట్లు తిన్న రాజనాల కాళేశ్వరరావు గారు. ఆయన్నే ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. ఆయన నెల్లూరులో రెవెన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేసిన మనిషి. అంటే మనవాడు. 2025 జనవరి 3వ తేదీతో ఆయన పుట్టి నూరేళ్ళు నిండాయి. మనవాడి శతజయంతిని మనం తలుచుకోకపోతే ఇంకెవరు తలుచుకుంటారు?

రాజనాల గారు 1925 జనవరి 3న మన నెల్లూరు జిల్లా కావలిలో జన్మించారు. ఇంటర్మీడియెట్ వరకు చదివి, 1940 దశకంలో నెల్లూరులో రెవెన్యూ ఉద్యోగంలో చేరారు. అప్పటికి మనది మద్రాసు రాష్ట్రం. ఆ కాలపు రెవెన్యూ ఆఫీసు ఎలా ఉండేదో మన ముందు తరం వాళ్ళు చెప్పగా మనం విన్నాం. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. బియ్యానికి, కిరసనాయిలుకు, గుడ్డకు కంట్రోలు. ధాన్యం లెవీ వసూలు, రేషను పంపకం, పర్మిట్లు అన్నీ మన శాఖ నెత్తినే పడ్డాయి. సరుకు కరువైనచోట చీకటి బజారు పుడుతుంది. చీకటి బజారు ఉన్నచోట దాన్ని నడిపే ముఠా ఉంటుంది. ముఠా నిలబడాలంటే ఎక్కడో ఒక ఆఫీసులో ఒక సంతకం కావాలి. ఇప్పటి సినిమాల్లో దందా, మాఫియా అని గొప్పగా చెప్పే వ్యవహారానికి మన ఊళ్ళలో బీజం పడింది అక్కడే. తుపాకులతో కాదు, పర్మిట్ కాగితాలతో.

అదే రోజుల్లో నెల్లూరులో మరో ప్రతిభాశాలి ఉండేవారు. సూళ్ళూరుపేట ప్రాంతంలో పుట్టిన కిళాంబి వెంకట నరసింహాచార్యులు గారు. లోకానికి ఆచార్య ఆత్రేయగా తెలిసినవారు. తర్వాతి కాలంలో సినిమా పాటలతో ఆంధ్ర దేశాన్ని ఏడిపించిన ఆత్రేయ గారు కూడా మొదట్లో గుమాస్తా ఉద్యోగాలు చేసినవారే. చాలీచాలని జీతంతో సంసారం ఈదే చిరుద్యోగి బతుకును ఎన్.జి.ఓ. అనే నాటకంగా రాసి ఊరూరా ఆడించారు. మన సంఘాల సభల్లో ఆ నాటకాన్ని ఆడినవారు, చూసి కళ్ళు తుడుచుకున్నవారు ఎంతమందో. ఆత్రేయ గారే రాసిన మరో నాటకం పేరు ఎవరు దొంగ. పేరులోనే ప్రశ్న ఉంది. జేబు కొట్టేవాడా దొంగ, లేక ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చుని దోచేవాడా?

రాజనాల గారు నెల్లూరులో మిత్రులతో కలిసి నాటక సమాజం ఏర్పాటు చేసుకుని ఆత్రేయ నాటకాలు ఆడారు. పగలు ఫైళ్ళు, రాత్రి రిహార్సళ్ళు. ఎవరు దొంగ నాటకం ప్రభుత్వ యంత్రాంగంలోని అవినీతిని ఎత్తిచూపేది. చూసిన జనం చప్పట్లు కొట్టారు. పై అధికారులకు మాత్రం అది గిట్టలేదు. సర్కారు జీతం తింటూ సర్కారు వారినే రంగస్థలం మీద విమర్శించడమా అని రాజనాల గారిని కొంతకాలం సస్పెండ్ చేశారు.

సస్పెన్షన్ అంటే ఏమిటో మన సభ్యులకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. సగం జీతం జీవన భృతి. ఊరు విడిచి వెళ్ళాలంటే అనుమతి. వీధిలో ఎదురైన ప్రతివాడూ ఏం జరిగిందని అడగడం, పక్క సీటువాడే ముఖం చాటేయడం. లంచం తిని పట్టుబడినవాడికి ఈ గతి పడితే న్యాయమే. లంచం తప్పని నాటకంలో వేషం వేసినవాడికీ అదే గతి పట్టింది. ఆత్రేయ గారి నాటకం వేసిన ప్రశ్నకు ప్రభుత్వం వారు తమకు తెలియకుండానే అలా జవాబు చెప్పారు.

మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నా ఆ కుర్చీలో ఆయన మనసు ఎంతోకాలం నిలవలేదు. 1950 దశకం మొదట్లో మిత్రుని ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద తీసిన హెచ్.ఎం. రెడ్డి గారు అప్పుడు ప్రతిజ్ఞ అనే చిత్రం నిర్మిస్తున్నారు. కాంతారావు గారు కథానాయకుడు. ప్రతినాయకుడి వేషం రాజనాల గారికి దక్కింది. 1953లో ఆ చిత్రం విడుదలైంది. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందీ అదే సంవత్సరం. నెల్లూరు మద్రాసు రాష్ట్రం నుంచి బయటికి వచ్చింది, రాజనాల గారు మాత్రం మద్రాసులోనే ఉండిపోయారు.

ఇక్కడ ఒక్క మాట. సర్కారు ఉద్యోగం వదులుకోవడమంటే ఆ తరంలో చిన్న విషయం కాదు. నెల తిరిగేసరికి జీతం, ముసలితనంలో పింఛను, తదనంతరం భార్యకు కొంత ఆధారం. ఉద్యోగానికి రాజీనామా ఇస్తే అంతవరకు చేసిన సర్వీసు నీళ్ళ పాలేనని మన పింఛను నిబంధనలు చదివినవారందరికీ తెలుసు. రాజనాల గారు ఆ భద్రతను కాలదన్ని వెళ్ళారు. ఆయనొక్కరే కాదు. హాస్యనటుడు రమణారెడ్డి గారు కూడా నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేసి సినిమాకు వెళ్ళినవారే. ఒకరు నవ్వించారు, ఒకరు భయపెట్టారు. ఇద్దరూ మన జిల్లా సర్కారు ఆఫీసుల గాలి పీల్చినవారు.

మద్రాసులో రాజనాల గారికి త్వరలోనే స్థిరమైన చోటు దొరికింది. మంచి ఒడ్డూ పొడుగూ, కసరత్తు చేసిన శరీరం, పెద్ద కళ్ళు, స్పష్టమైన తెలుగు ఉచ్చారణ, అన్నిటికీ మించి ఒక నవ్వు. ఆ నవ్వు వింటే థియేటర్లో చంటిపిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవారు. అది జానపద చిత్రాలు రాజ్యమేలిన కాలం. గులేబకావళి కథ (1962)లో వక్రకేతు, బందిపోటు (1963)లో సత్యసేనుడు, అగ్గి పిడుగు (1964), పిడుగు రాముడు (1966) వంటి చిత్రాల్లో ప్రతినాయకులు ఆయనే. ఎన్.టి. రామారావు గారు కత్తి దూస్తే ఎదురుగా కత్తి దూసి నిలబడగలిగినవాడు రాజనాలే అన్నట్టుగా ఉండేది. జగదేకవీరుని కథ (1961)లో మాత్రం సి.ఎస్.ఆర్. గారు మంత్రిగా పక్కన నిలిచి ఆడిస్తుంటే ఆడే వెర్రి మహారాజు. భయపెట్టగలిగినవాడు నవ్వించనూ గలడని ఆ చిత్రంతో రుజువు చేశారు.

మా సీతారామపురం వైపు సినిమా అంటే అప్పట్లో డేరా సినిమాయే. ఉదయగిరి దాకా బండి కట్టుకునో, నడిచో వెళ్ళేవాళ్ళం. ఇసుకలో కూర్చుంటే నేల టిక్కెట్టు. రీలు మార్చేటప్పుడల్లా దీపాలు వెలిగేవి, శనక్కాయలవాడు వచ్చేవాడు. రాజనాల తెర మీదికి రాగానే ఆడవాళ్ళ వరుసల నుంచి తిట్లు మొదలయ్యేవి. మా అవ్వ అయితే ఆ మనిషికి ఇంట్లో అన్నం ఎవరు పెడతారో అని నిజంగానే దిగులుపడేది. అంత కోపం తెప్పించినవాడు మన నెల్లూరులో గుమాస్తా చేసినవాడని అప్పుడు మాకెవరికీ తెలియదు. నేను ఉద్యోగంలో చేరాక ఆఫీసులో పెద్ద గుమాస్తా ఒకాయన చెబితే తెలిసింది. ఆ రోజు నుంచి పాత సినిమా ఆడితే వేరే కళ్ళతో చూడసాగాను.

వేరే కళ్ళతో చూస్తే ఏం కనిపించిందో చెబుతాను. జానపద సినిమాలో ప్రతినాయకుడు చేసే పని ఏమిటి? రాజును గుప్పెట్లో పెట్టుకోవడం, ఆయన ముద్ర వాడుకోవడం, ఊళ్ళ మీద పడి పన్నుల పేరుతో పిండటం, ఎదురు తిరిగినవాణ్ణి చెరలో వేయించడం. కిరీటం, కత్తి తీసేసి ప్యాంటు, కోటు తొడిగితే ఇదే ఇవాళ్టి ముఠా నాయకుని పని. ముందు భయం పుట్టిస్తాడు, ఆ భయం నుంచి కాపాడతానని మామూలు వసూలు చేస్తాడు, వసూలైన దానిలో పైవాళ్ళకు వాటా పంపుతాడు. కావలసిన కాగితం తెప్పించుకుంటాడు. రౌడీ మామూలు, చీకటి బజారు, దొంగ సారా, బంగారం రవాణా, ఏ దందా తీసుకున్నా లోపలి యంత్రం ఇదే.

ఈ ముఠాల కథలను సినిమాకు మొదట బాగా వాడుకున్నది అమెరికా వారు. అక్కడ 1920 నుంచి 1933 దాకా మద్య నిషేధం ఉండేది. చట్టం సారాను ఆపలేదు, దొంగ సారా వ్యాపారులను కోటీశ్వరులను చేసింది. చికాగో నగరంలో అల్ కపోన్ అనేవాడు పోలీసులను, రాజకీయ నాయకులను కొనేసి పెద్ద ముఠా నడిపాడు. హత్యలు జరిగాయి, సాక్షులు నోరు విప్పలేదు. చివరికి వాణ్ణి పట్టుకున్నది ఏ వీరుడో కాదు. ఆదాయపు పన్ను శాఖ ఉద్యోగులు చిట్టా పుస్తకాలు ముందేసుకుని, ఏ పద్దు ఎవరి చేతిరాతో పోల్చి చూసి, వాడికి లెక్కలో చూపని ఆదాయం ఉందని కోర్టులో నిరూపించారు. 1931 అక్టోబరులో పన్ను ఎగవేత కేసులో 11 సంవత్సరాల శిక్ష పడింది. తుపాకులకు లొంగనివాడు లెడ్జరుకు లొంగాడు. గుమాస్తాగా పనిచేసిన మనకు ఇంతకన్నా గర్వకారణం ఏముంటుంది?

కపోన్ లాంటివాళ్ళ కథలతో 1931లో లిటిల్ సీజర్, 1932లో స్కార్‌ఫేస్ వంటి చిత్రాలు అక్కడ వచ్చాయి. జనం విరగబడి చూశారు. కానీ వెంటనే ఒక దిగులూ పుట్టింది. దొంగ చివర్లో చచ్చినా, అంతకు ముందు రెండు గంటలపాటు వాడి సూటు, వాడి కారు, వాడి దర్జా చూసిన కుర్రవాడు ఏం నేర్చుకుంటాడని పెద్దలు అడిగారు. స్కార్‌ఫేస్ చిత్రానికి జాతికి సిగ్గుచేటు అని అర్థం వచ్చే ఉపశీర్షిక తగిలించవలసి వచ్చింది. 1934 నుంచి నేరాన్ని ఆకర్షణీయంగా చూపరాదన్న నియమావళిని అక్కడి సినిమా సంస్థలు గట్టిగా అమలు చేశాయి. మన దేశంలోనూ 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ఇలాంటి సూత్రాలే సెన్సారు వారికి ఉన్నాయి.

తెలుగు సాంఘిక చిత్రాల్లో నేరస్థుల ముఠాలు మెల్లగా అడుగుపెట్టాయి. 1955లో వచ్చిన దొంగరాముడులో ఆర్. నాగేశ్వరరావు గారు వేసిన బాబులు పాత్ర జనానికి కొత్తరకం దొంగను చూపించింది. తర్వాత 1966లో కృష్ణ, జయలలిత నటించిన గూఢచారి 116 వచ్చింది. అపరాధ పరిశోధన, రహస్య స్థావరాలు, దేశద్రోహుల ముఠా. ఆ చిత్రంలోనూ రాజనాల గారు ప్రతినాయకుడే. కత్తి పోయి పిస్తోలు వచ్చింది, కోట పోయి రహస్య గది వచ్చింది, మనిషి ఆయనే. జానపదానికీ క్రైమ్ సినిమాకూ మధ్య వంతెన ఎవరని అడిగితే నేను రాజనాల పేరే చెబుతాను. ఆయన రాజనీతిలో చూపిన కుట్రలనే తర్వాతివారు స్మగ్లింగులోకి తెచ్చారు.

స్మగ్లింగు అంటే గుర్తుకొచ్చింది. 1960 దశకంలో బంగారం నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. 1968లో చట్టమే చేశారు. ఆ చట్టం 1990లో రద్దయ్యింది. ఈ మధ్య కాలమంతా సినిమా దుర్మార్గుడంటే బంగారు బిస్కెట్ల పెట్టె తెరిచేవాడే. సర్కారు ఏ సరుకుకు కళ్ళెం వేస్తే సినిమా దొంగ ఆ సరుకు ఎత్తుకుంటాడు. యుద్ధకాలంలో బియ్యం, తర్వాత బంగారం, ఆ తర్వాత ఇళ్ళ స్థలాలు. సినిమాల్లోని దొంగతనాలను వరుసగా రాసుకుంటే మన ప్రభుత్వ ఉత్తర్వుల చరిత్ర దానంతటదే తయారవుతుంది.

1970 దశకం వచ్చేసరికి కాలం మారింది. జానపదాలు తగ్గిపోయాయి. నాగభూషణం, సత్యనారాయణ, ప్రభాకరరెడ్డి గార్లు నిలదొక్కుకున్నారు. 1975లో ముత్యాల ముగ్గు చిత్రంలో రావు గోపాలరావు గారు కంట్రాక్టరు వేషంలో చల్లగా మాట్లాడుతూ గొంతు కోసే కొత్త దుర్మార్గుణ్ణి చూపించారు. గొంతెత్తి నవ్వే పాత దుర్మార్గునికి పని తగ్గింది. అంతకన్నా పెద్ద మార్పు మరొకటి జరిగింది. దొంగే కథానాయకుడయ్యాడు. హిందీ దీవార్ ఆధారంగా రామారావు గారితో 1976లో మగాడు, హిందీ డాన్ ఆధారంగా 1979లో యుగంధర్ వచ్చాయి. యుగంధర్ దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ గారు కూడా అప్పట్లో మన జిల్లాలో ఉన్న వెంకటగిరివారే. 1970లో రౌడీ రాణి తీసి ఆడమనిషి చేత దుష్టులను చితకబాదించినదీ ఆయనే. 1989లో శివ వచ్చింది. కాలేజీ గేటు దగ్గర మొదలైన రౌడీయిజం ఊరంతా ఎలా పాకుతుందో ఆ చిత్రం చూపించింది. అందులో ముఠా నాయకుడు భవాని వేషం వేసిన రఘువరన్ గొంతు పెంచకుండానే భయపెట్టాడు.

నేను ఆ చిత్రాలను తప్పుపట్టడం లేదు. బాగా తీశారు. అయితే ఒక తేడా మాత్రం చెప్పక తప్పదు. రాజనాల గారు వందల చిత్రాల్లో దుర్మార్గుడిగా నటించారు గాని, ఆ దుర్మార్గుడిలా ఉండాలని మా ఊళ్ళో ఏ కుర్రవాడికీ అనిపించలేదు. పండగనాడు అట్టకత్తి పట్టుకుని ఆడుకునేటప్పుడు రాజనాల వేషం వేయడానికి ఒక్కడూ ఒప్పుకునేవాడు కాదు. చీట్లు వేసి నిర్ణయించేవాళ్ళం. అదే తర్వాతి తరం పిల్లలు సైకిలు చైను చేతికి చుట్టుకుని తిరగడం మనం చూశాం. దొంగను దొంగలాగే, అసహ్యం పుట్టేలా చూపడం ఒక విద్య. ప్రేక్షకుల మెప్పు తనకు దక్కకుండా ఎదుటివాడికి దక్కేలా నటించడం ఒక త్యాగం. రామారావు గారి కత్తికి అంత మెరుపు వచ్చింది ఎదురుగా రాజనాల ఉన్నందువల్లే.

సినిమా ముగింపులో నాయకుడు ఒక్క దెబ్బతో ముఠాను మట్టుబెడతాడు. నిజ జీవితంలో అలా జరగదని మనకు తెలుసు. చికాగోలో లెడ్జరు పట్టుకున్న గుమాస్తాలు ఆ పని చేశారు. మన ప్రాంతంలో ఎవరు చేశారు? కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు చేశారు. 1992లో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా అంగడి తమ ఊళ్ళో వద్దని ఎదురు తిరిగారు. రోశమ్మ గారి పేరు దేశమంతా తెలిసింది. సారా వేలం పాట అంటే ఏమిటో, కంట్రాక్టర్ల పలుకుబడి ఏ స్థాయిలో ఉండేదో ఆ రోజుల్లో రెవెన్యూ, ఎక్సైజు, పోలీసు ఆఫీసుల్లో పనిచేసిన మన సభ్యులకు బాగా తెలుసు. నెల్లూరులో పాట జరగనివ్వకుండా వేలాది ఆడవాళ్ళు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలింది. నిషేధం నిలవకపోయినా పిడికెడు మంది ఆడవాళ్ళు పెద్ద పెద్ద కంట్రాక్టర్లను కదిలించారన్నది చెరిగిపోయే విషయం కాదు. తుపాకి లేదు, కత్తి లేదు. ఉదయగిరి నియోజకవర్గంలోని ఒక పల్లెలో జరిగిన ఈ కథ ముందు ఏ ముఠా సినిమా నిలుస్తుంది?

మళ్ళీ రాజనాల గారి దగ్గరకు వద్దాం. చివరి సంవత్సరాలు ఆయనకు కష్టంగా గడిచాయి. వేషాలు తగ్గాయి, రాబడి తగ్గింది, సొంత ఇంట్లో విషాదాలు వచ్చాయి. మధుమేహం పట్టుకుంది. 1990 దశకం మధ్యలో జబ్బు ముదిరి కాలు తీసేయవలసి వచ్చింది. గుర్రం మీద దూకి కత్తి తిప్పిన మనిషి కుర్చీకి పరిమితమయ్యారు. 1998 మే 21న చెన్నైలో కన్నుమూశారు. ఆరు వారాల తర్వాత, జులై 3న, శివ తీసిన రామ్‌గోపాల్ వర్మ గారే తీసిన హిందీ చిత్రం సత్య విడుదలైంది. బొంబాయి ముఠాల కథతో దేశమంతా మారుమోగింది. అందులో కథానాయకుడు తెలుగువాడైన జె.డి. చక్రవర్తి. పాత దుర్మార్గుడు వెళ్ళిపోయిన కొన్నాళ్ళకే కొత్త కాలపు దుర్మార్గులు దేశాన్ని ఏలడం మొదలుపెట్టారు.

ఇది రాస్తుంటే నా మనసులో ఒక లెక్క తిరుగుతోంది. లెక్కలు వేయడం మనకు పాత అలవాటు కదా. రాజనాల గారు నాటకాలు మానేసి, నోరు మూసుకుని, నెల్లూరులోనే ఉద్యోగం చేసుకుంటూ ఉంటే ఏమయ్యేది? ఆయన పుట్టిన తేదీని బట్టి 1980 ప్రాంతంలో రిటైరయ్యేవారు. అప్పటికి తహసీల్దారు హోదాకు చేరేవారేమో. నెలనెలా పింఛను, కరువు భత్యం, వైద్యానికి ఎంతో కొంత వాపసు వచ్చేవి. కాలికి జబ్బు చేసినప్పుడు ఎవరి సాయం కోసమూ ఎదురుచూడకుండా గడిచేది. మన సంఘం సమావేశాల్లో ముందు వరుసలో కూర్చునేవారు. ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇచ్చి వెళ్ళేవారు. కానీ ఆయన శతజయంతి నాడు ఆయన గురించి రాయడానికి ఎవరూ ఉండేవారు కారు.

రెండో వైపు లెక్క ఇది. ఆయన పోగొట్టుకున్న పింఛనుకు బదులుగా మూడు తరాల తెలుగువారికి దుర్మార్గం ఎలా ఉంటుందో ముఖం పెట్టి చూపించారు. ఉద్యోగంలో ఉండగా నాటకంలో ఏ దొంగలను చూపినందుకు శిక్ష పడిందో, అదే దొంగలను జీవితాంతం తెర మీద చూపిస్తూనే ఉన్నారు. ఈసారి ఎవరూ సస్పెండ్ చేయలేకపోయారు. ఈ రెండు లెక్కల్లో ఏది ఎక్కువో నేను తేల్చలేను. ఆయన ఇంటివారు ఒక రకంగా తేలుస్తారు, ప్రేక్షకులు ఒక రకంగా తేలుస్తారు. ఆస్పత్రి ఖర్చుకు వెతుక్కునే ఇంటివారికి చప్పట్ల శబ్దం ఏపాటి ఆసరా అవుతుంది?

అందుకని తోటి సభ్యులకు నా మనవి. మన సంఘం మనకోసం కరువు భత్యం బకాయిలు, ఆరోగ్య కార్డుల గురించి పోరాడుతోంది. మంచిదే, పోరాడాలి. వాటితోపాటు వృద్ధ కళాకారుల గురించి కూడా ఒక మాట మన తీర్మానాల్లో చేరితే బాగుంటుంది. నాటకం, హరికథ, బుర్రకథ, తోలుబొమ్మలాట నమ్ముకుని మన పల్లెల్లో ముసలివాళ్ళయినవారు ఇప్పటికీ ఉన్నారు. వారికి ప్రభుత్వం ఇచ్చే సాయం అందాలంటే దరఖాస్తు నింపాలి, ధృవపత్రాలు జతచేయాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి. అవన్నీ మనకు చేతనైన పనులే. నలభై ఏళ్ళు మనం చేసింది అదే కదా. మనలో ప్రతి ఒక్కరూ ఒక్క కళాకారునికి ఒక్క దరఖాస్తు రాసిపెడితే చాలు, రాజనాల గారికి మనం ఇచ్చే నివాళి అదే అవుతుంది.

ఇంకొక్క సంగతి. ఇప్పుడు మన మనవలు సెల్‌ఫోన్లలో ముఠాల సినిమాలు చూస్తున్నారు. చూడవద్దంటే వినరు. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి బందిపోటు గాని, గులేబకావళి కథ గాని చూపించండి. తెర మీద రాజనాల రాగానే ఈయన మన కావలివాడు, మన శాఖలో గుమాస్తాగా పనిచేశాడు, లంచగొండులను నాటకంలో చూపినందుకు సస్పెండయ్యాడు అని చెప్పండి. ఆ తర్వాత దూబగుంట ఆడవాళ్ళ కథ కూడా చెప్పండి. దొంగ ఎవరో, దొర ఎవరో పోల్చుకునే చూపు పిల్లలకు వస్తే మన వంతు పని మనం చేసినట్టే.

రాజనాల కాళేశ్వరరావు గారి స్మృతికి మన సంఘం తరఫున వినమ్రంగా నమస్కరిస్తూ సెలవు తీసుకుంటున్నాను.